మాలికి వెళ్ళే మనిషికి ముందుగా ఆ దేశం గురించి చెప్పండి: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత విదేశాంగ మంత్రి గారికి,

నమస్కారం.

పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో, రాజధాని బమాకోలో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి తిరిగి వచ్చిన తెలుగువాణ్ణి నేను. ఈ ఉత్తరం మీ పేరున రాస్తున్నా, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులు, ఆఫ్రికాకు మనుషుల్ని పంపే బోర్‌వెల్ కంపెనీల, కరెంటు లైన్ల కాంట్రాక్టర్ల యజమానులు కూడా చదవాలనే కోరికతో బహిరంగంగా రాస్తున్నాను.

2025 జూలై 1న మాలి పశ్చిమ ప్రాంతమైన కాయెస్‌లో ఒక సిమెంట్ ఫ్యాక్టరీ మీద సాయుధులు దాడి చేసి ముగ్గురు భారతీయుల్ని ఎత్తుకెళ్ళారు. వాళ్ళలో తెలుగు మనిషి ఉన్నాడు. నవంబర్ 6న అదే పశ్చిమ ప్రాంతంలో కోబ్రి దగ్గర, ఊళ్ళకు కరెంటు ఇచ్చే పనిలో ఉన్న ఐదుగురు భారతీయుల్ని తీసుకుపోయారు. అదే నెలలో, బోర్‌వెల్ కంపెనీలో పనికి వెళ్ళిన తెలంగాణ యువకుడొకరు అపహరణకు గురయ్యాడు. పక్కదేశం నైజర్‌లో ఏప్రిల్‌లో జార్ఖండ్ కార్మికులు ఐదుగురిని ఎత్తుకెళ్ళారు. జూలైలో అక్కడి దోసో ప్రాంతంలో ఇద్దరు భారతీయుల్ని చంపి ఒకరిని పట్టుకుపోయారు. ఇవన్నీ ఒక్క సంవత్సరంలో జరిగినవి.

వాళ్ళ విడుదల కోసం తెరవెనుక ఏం చేస్తున్నారో బయటపెట్టమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అలాంటి చర్చలు గుట్టుగానే సాగాలి. పత్రికల్లో ఎంత రచ్చ అయితే బందీ వెల అంత పెరుగుతుందని బమాకోలో ఉన్న ఎవరికైనా తెలుసు. నా విన్నపం వేరే. మాలిలో ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో, ఏ దారిలో ప్రమాదం ఉందో అక్కడికి వెళ్ళే మనిషికి విమానం ఎక్కక ముందే అతని భాషలో చెప్పే ఏర్పాటు మన దేశంలో లేదు. పంపించేవాడి మీద బాధ్యత పెట్టే చట్టమూ అతనికి వర్తించడం లేదు. ఈ రెండు లోటుల గురించే రాస్తున్నాను.

మన ఊళ్ళలో ఏజెంటు చెప్పేది "ఆఫ్రికా" అని ఒక్క మాట. జీతం ఇంత, తిండీ పడకా కంపెనీదే, రెండేళ్ళ కాంట్రాక్టు. ఏ దేశమో వీసా వచ్చాక తెలుస్తుంది. ఆ దేశంలో ఎన్నికలు ఎప్పుడు జరిగాయి, ఇప్పుడు ఎవరు పాలిస్తున్నారు, తాను ఉండబోయే క్యాంపు ఏ జిల్లాలో ఉంది అనే ప్రశ్నలు వేసే చదువూ ధైర్యమూ ఉన్నవాళ్ళు తక్కువ. వేసినా, "అక్కడ మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఏం కాదు" అనే జవాబే వస్తుంది. నిజంగానే మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళలో చాలామంది బమాకోలో ఉన్నారు. బోరు వేసేవాడు, స్తంభాలు పాతేవాడు మాత్రం ఊళ్ళలోకి పోవాలి. తేడా అంతా అక్కడే ఉంది.

అయ్యా, మాలిలో ఈ ప్రమాదం ఒక రాత్రిలో ఊడిపడలేదు. అది ఏళ్ళ తరబడి ఒక్కో ప్రాంతం దాటుకుంటూ, అందరి కళ్ళముందే నడిచి వచ్చింది. దాని నడక తెలిసినవాడికి కాయెస్ వంతు వస్తుందని కూడా తెలుసు.

1991లో మాలి ప్రజలు మూసా ట్రావోరే నియంతృత్వం మీద తిరగబడ్డారు. విద్యార్థులు, కార్మికులు, ఆడవాళ్ళు బమాకో వీధుల్లో తూటాలకు ఎదురు నిలిచారు. చివరికి సైన్యంలోని అమదూ టుమానీ టూరే ఆ నియంతను దించి, మరుసటి ఏడాదే ఎన్నికలు పెట్టించి, గెలిచినవాళ్ళకు అధికారం అప్పగించి తప్పుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు మాలి పేరు పశ్చిమాఫ్రికాలో ప్రజాస్వామ్యానికి మంచి ఉదాహరణగా వినిపించేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ చాలామంది "ఆ దేశాలు ఎప్పుడూ అంతేనండీ" అని తేల్చేస్తారు. ఎప్పుడూ అలా లేవు. అక్కడివాళ్ళు ఓటు కోసం ప్రాణాలిచ్చారు.

2011లో లిబియాలో గడాఫీ పాలన కూలింది. అతని సైన్యంలో పనిచేసిన టువారెగ్ అనే సహారా ఎడారి తెగ యోధులు ఆయుధాలతో సహా ఎడారి దాటి ఉత్తర మాలికి చేరారు. 2012 జనవరిలో తిరుగుబాటు మొదలైంది. దాన్ని ఎదుర్కోవడానికి తగిన ఆయుధాలు ఇవ్వలేదన్న కోపంతో మార్చి 22న కెప్టెన్ అమదూ సనోగో నాయకత్వంలో సైనికులు ప్రభుత్వాన్ని కూల్చారు. ఇంకో నెలలో ఎన్నికలు ఉండగా జరిగిన పని ఇది. రాజధానిలో కుర్చీ ఖాళీ అయిన కొద్ది రోజుల్లోనే ఉత్తరాన కిడాల్, గావ్, టింబక్టు చేజారిపోయాయి. టువారెగ్‌ల వెనకే వచ్చిన జిహాదీ ముఠాలు వాళ్ళను కూడా పక్కకు నెట్టి, టింబక్టులో శతాబ్దాల నాటి సమాధి మందిరాలను గునపాలతో పడగొట్టాయి. ప్రాచీన రాతప్రతులను ఊరివాళ్ళే పెట్టెల్లో దాచి బమాకోకు తరలించి కాపాడుకున్నారు.

2013 జనవరిలో ఫ్రాన్స్ సైన్యం దిగింది. గావ్, టింబక్టు తిరిగి ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఐక్యరాజ్య సమితి శాంతి దళం వచ్చింది. 2015లో శాంతి ఒప్పందం కుదిరింది. కానీ అదే ఏడాది మంటలు ఉత్తరం వదిలి మధ్య మాలికి, మోప్తి ప్రాంతానికి పాకాయి. పశువుల కాపరులైన ఫులానీలకు, సేద్యం చేసే డోగోన్‌లకు మధ్య మేత భూముల తగాదాలు పాతవే. పల్లెలో పోలీసు లేడు, కోర్టు లేదు. వచ్చిన సైనికుడు ఫులానీ కనబడితే చాలు, తీవ్రవాది అనేవాడు. ఆ ఖాళీలోకి తుపాకీ పట్టుకున్న మతబోధకులు వచ్చి, మీ తగాదాలు మేం తీరుస్తాం, మీ పశువుల్ని మేం కాపాడతాం అన్నారు. 2019 మార్చిలో ఒగొసగూ అనే ఊళ్ళో ఒక్క ఉదయం 150 మందికి పైగా ఫులానీలను చంపారు. అలాంటి ప్రతి ఘటన తర్వాత అడవిలోకి వెళ్ళే కుర్రాళ్ళు పెరిగారు. 2017లో వేర్వేరు ముఠాలు కలిసి, ఇయాద్ అగ్ ఘాలీ నాయకుడిగా, అల్ ఖైదాకు విధేయత ప్రకటించి జేఎన్ఐఎం అనే సంస్థగా ఏర్పడ్డాయి. ఇప్పుడు దేశంలో అందరికంటే బలమైన సాయుధ ముఠా అదే.

బమాకోలో నాకు బాగా తెలిసిన మాలి మిత్రులు 2020 ఆగస్టు 18న సైన్యం అధ్యక్షుడు ఇబ్రహీం బూబకర్ కీటాను దించినప్పుడు సంతోషించారు. వాళ్ళను తప్పుపట్టలేను. ఆ ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో ముప్పై వరకు స్థానాల ఫలితాలను రాజ్యాంగ న్యాయస్థానం తారుమారు చేసింది. అవినీతి కథలు రోజుకొకటి బయటికొచ్చేవి. సైనికులు ఉత్తరాన గుంపులు గుంపులుగా చనిపోతుంటే రాజధానిలో పెద్దల కొడుకుల విలాసాల వీడియోలు ఫోన్లలో తిరిగేవి. జూన్ నుంచి ఇమామ్ మహ్మూద్ డికో పిలుపుతో జనం వీధుల్లోకి వచ్చారు. సైన్యం వచ్చి కుర్చీ ఖాళీ చేయించినప్పుడు స్వాతంత్ర్య స్మారకం దగ్గర వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఏడాదిన్నరలో ఎన్నికలు పెడతామన్న మాటను నమ్మారు.

తొమ్మిది నెలలకే, 2021 మే 24న, అదే సైనికులు తాము కూర్చోబెట్టిన తాత్కాలిక అధ్యక్షుణ్ణి కూడా దించేశారు. కల్నల్ అసిమి గోయితా అధ్యక్షుడయ్యాడు. 2022 ఫిబ్రవరి ఎన్నికలు జరగలేదు. 2024 ఫిబ్రవరి ఎన్నికలూ జరగలేదు. ఫ్రాన్స్ సైన్యం 2022 ఆగస్టులో వెళ్ళిపోయింది. ఐక్యరాజ్య సమితి దళం 2023 చివరికి వెళ్ళిపోయింది. వాళ్ళ స్థానంలో రష్యా వాగ్నర్ కిరాయి సైనికులు వచ్చారు. 2022 మార్చిలో మూరా అనే ఊళ్ళో మాలి సైన్యం, దానితో ఉన్న విదేశీ సైనికులు కలిసి కనీసం 500 మందిని చంపారని ఐక్యరాజ్య సమితి విచారణలో తేలింది. బుర్కినా ఫాసో, నైజర్‌లలో కూడా సైనిక ప్రభుత్వాలే రావడంతో మూడూ కలిసి ఒక కూటమి కట్టుకున్నాయి. 2025 జనవరి 29న ఎకోవాస్ నుంచి, అంటే పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి సంస్థ నుంచి, బయటికి వెళ్ళాయి.

2025 మే మొదట్లో బమాకోలో జనం మళ్ళీ ధైర్యం చేసి, ఎన్నికలు పెట్టండి, పార్టీల జోలికి రాకండి అని ఊరేగింపు తీశారు. మే 13న ప్రభుత్వం దేశంలోని రాజకీయ పార్టీలన్నిటినీ రద్దు చేసింది. జూలైలో గోయితాకు ఎన్నిక లేకుండానే ఐదేళ్ళ పదవీకాలం, ఆ తర్వాత మళ్ళీ పొడిగించుకునే వీలుతో సహా, చట్టం చేసి ఇచ్చారు. ఆగస్టులో ఇద్దరు జనరళ్ళతో పాటు డజన్లకొద్దీ సైనికుల్ని కుట్ర ఆరోపణ మీద పట్టుకున్నారు. జైల్లో ఉన్న రాజకీయ ఖైదీలకు సంఘీభావం తెలుపుతూ ఆన్‌లైన్‌లో రాసినందుకు మాజీ ప్రధాని మూసా మారాను జైల్లో వేశారు. సైనిక పాలకుల దగ్గరే ప్రధానిగా చేసిన చోగెల్ మైగాను కూడా అవినీతి ఆరోపణల మీద లోపల పెట్టారు.

ఇప్పుడు ఆ దేశంలో పాలకుణ్ణి ప్రశ్నించడానికి పార్టీ లేదు, మాట్లాడినవాడు బయట ఉండడు, సైన్యంలోనే ఒకరినొకరు నమ్మరు. దేశానికి భద్రత తెస్తామని వచ్చినవాళ్ళు భద్రత తేలేకపోయారు. ఆ మాట బాహాటంగా చెప్పగలిగిన గొంతులన్నీ నొక్కేశారు. పల్లెల్లో ప్రభుత్వం లేని చోట ఇంకొకడు పన్ను వసూలు చేస్తున్నాడు. రాజకీయం మూసుకుపోయిన దేశంలో పనిచేసే మన కార్మికుడికి ఇది దూరపు వార్త కాదు. రాత్రి క్యాంపుకు కాపలా ఉంటుందా లేదా, రేపు వెళ్ళే మట్టిరోడ్డు ఎవరి చేతిలో ఉంది అన్నది ఇక్కడే తేలుతుంది.

కాయెస్ విషయం కొంచెం వివరంగా చెప్పనివ్వండి. సెనెగల్ సరిహద్దు దగ్గర, సెనెగల్ నది ఒడ్డున ఉన్న ఊరు అది. ఎండలకు పేరుమోసింది. ఫ్రాన్స్‌లో ఉన్న మాలి వలస కార్మికుల్లో ఎక్కువమంది ఈ ప్రాంతం వాళ్ళే. పారిస్‌లో హాస్టళ్ళలో ఇరుక్కుని ఉంటూ, రోడ్లు ఊడ్చి, గిన్నెలు కడిగి డబ్బు పంపితే, ఆ డబ్బుతో ఇక్కడ బడి కట్టారు, ఆసుపత్రి కట్టారు, మసీదు కట్టారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్ళు చూసినవాళ్ళకు ఆ ఊళ్ళు కొత్తగా అనిపించవు. వలస అంటే ఏమిటో అంత బాగా తెలిసిన మట్టి మీద మన వలస కార్మికుడు బందీ అయ్యాడు. నా గుండెను ఎక్కువగా పిండేది ఇదే.

దేశానికి కాయెస్ ప్రధాన ద్వారం కూడా. మాలికి సముద్రం లేదు. సెనెగల్‌లోని డకార్ ఓడరేవు నుంచి వచ్చే సరుకంతా ఈ దారినే బమాకోకు పోవాలి. బంగారు గనుల్లో పెద్దవి ఈ ప్రాంతంలోనే ఉన్నాయి, ఎగుమతుల్లో సింహభాగం బంగారానిదే. అంటే రాజధాని గొంతు పట్టుకోవాలనుకున్నవాడు ఎప్పటికైనా ఇక్కడికి రాక తప్పదు. ఉత్తరం అయ్యింది, మధ్య ప్రాంతం అయ్యింది. 2022 జూలైలో రాజధాని పక్కనే ఉన్న కాటి సైనిక శిబిరం మీద దాడి జరిగింది. 2024 సెప్టెంబర్ 17న బమాకోలోనే జెండార్మెరీ (సైనిక పోలీసు దళం) శిక్షణ కేంద్రం మీద, విమానాశ్రయం మీద దాడి జరిగింది. విదేశీ కంపెనీలను లక్ష్యం చేస్తామని జేఎన్ఐఎం బహిరంగంగానే బెదిరించింది. కాయెస్ ప్రాంతంలో చైనావాళ్ళ పని స్థలాల మీదా దాడులు జరిగాయి. జూలై 1న కాయెస్, నియోరో, డిబోలి సహా అనేక పట్టణాల మీద ఒకేసారి విరుచుకుపడ్డారు. మన ముగ్గురినీ పట్టుకుపోయింది ఆ రోజే.

ఆ తర్వాత రెండు నెలలకు ఇంధన దిగ్బంధం మొదలైంది. పల్లెల్లో డబ్బాల్లో పెట్రోలు అమ్మకూడదని ప్రభుత్వం పెట్టిన ఆంక్షకు బదులుగా, అసలు దేశంలోకే ఇంధనం రానివ్వం అని జేఎన్ఐఎం ప్రకటించింది. సెనెగల్ నుంచి, ఐవరీ కోస్ట్ నుంచి వచ్చే ట్యాంకర్లను వరసగా తగలబెట్టారు. డ్రైవర్లను చంపారు, పట్టుకుపోయారు. బస్సుల్లో ప్రయాణించే ఆడవాళ్ళు ముసుగు వేసుకోవాలని హుకుం జారీ చేశారు. అక్టోబర్ నాటికి బమాకోలో పెట్రోలు బంకుల ముందు మోటారు సైకిళ్ళ బారులు రాత్రీ పగలూ తేడా లేకుండా నిలిచాయి. ఊరంతా తిరిగే ఆకుపచ్చ సొత్రామా వ్యాన్లు చాలావరకు ఆగిపోయాయి. కరెంటు ఉత్పత్తికి కూడా డీజిలే కావాలి కాబట్టి ఇళ్ళు చీకట్లో మగ్గాయి. అక్టోబర్ 27 నుంచి రెండు వారాలు దేశమంతా బడులు మూసేశారు. ముప్పై లక్షల పైచిలుకు జనం ఉన్న నగరాన్ని తుపాకీ పేల్చకుండానే ఉక్కిరిబిక్కిరి చేశారు.

ఇంత జరుగుతున్న సమయంలో కూడా ఇక్కడి నుంచి అక్కడికి మనుషులు వెళ్తూనే ఉన్నారు. నాకు ఫోన్ చేసి అడిగిన కుటుంబాలు ఉన్నాయి. "పెట్రోలు దొరకడం లేదని టీవీలో చూశాం, అది మన తమ్ముడు ఉన్న చోటేనా?" అని ఒక అన్న అడిగాడు. తమ్ముడి క్యాంపు ఉన్న ఊరి పేరు వాళ్ళకు తెలియదు. కంపెనీ పేరు, ఒక ఫోన్ నంబరు, అంతే. ఆ అన్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఏముంది? ఆ వివరం ఉండాల్సింది మీ దగ్గర.

ఎందుకు లేదో చట్టం చూస్తే తెలుస్తుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, పదో తరగతి పాస్ కాని మనిషి పనికోసం 18 దేశాలకు వెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో గల్ఫ్ దేశాలు, మలేసియా, థాయిలాండ్, ఇరాక్, లిబియా, సుడాన్, దక్షిణ సుడాన్ ఉన్నాయి. మాలి లేదు. నైజర్ లేదు. బుర్కినా ఫాసో లేదు. అందువల్ల ఈ మూడు దేశాలకు వెళ్ళేవాడి కాంట్రాక్టును ఏ అధికారీ చూడడు. వలస కార్మికుల్ని నమోదు చేసే ప్రభుత్వ ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు ఎక్కదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి కాదు. వెళ్ళే ముందు ఇచ్చే శిక్షణా ఉండదు. దుబాయ్‌లో తాపీపనికి వెళ్ళేవాడికి ఉన్న ఆ కాస్త రక్షణ కూడా కాయెస్‌లో రిగ్గు మీద నిలబడేవాడికి లేదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, దయచేసి గమనించండి. మాలిని ఆ జాబితాలో కలిపినంత మాత్రాన పని అయిపోదు. రిగ్గు ఆపరేటర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లలో చాలామంది పదో తరగతి దాటినవాళ్ళే. ఐటీఐ చదివినవాళ్ళు ఉన్నారు. సిమెంట్ ఫ్యాక్టరీ ఉద్యోగులైతే ఇంజనీర్లు. వాళ్ళ పాస్‌పోర్టు మీద అనుమతి కావాలన్న ముద్రే ఉండదు. కిడ్నాప్ చేసేవాడు పదో తరగతి సర్టిఫికెట్ అడగడు. కాబట్టి కొలత మనిషి చదువు కాకూడదు. అతను వెళ్ళే దేశం, చేయబోయే పని కావాలి. 1983 చట్టం స్థానంలో తెచ్చే కొత్త బిల్లు ముసాయిదాను 2025 అక్టోబర్‌లో మీ శాఖే ప్రజల ముందు పెట్టింది. యుద్ధం నడుస్తున్న దేశానికి పనికోసం వెళ్ళే ప్రతి మనిషీ, చదువుతో నిమిత్తం లేకుండా, నమోదు కావాలనే మాటను ఆ బిల్లులో చేర్చండి. అక్కడ అతను ఉండే క్యాంపు ఏ ఊళ్ళో ఉందో కంపెనీ రాసిచ్చి తీరాలి. క్యాంపు మారితే మళ్ళీ రాసివ్వాలి.

ఇక సలహా ప్రకటనల సంగతి. "మాలిలో ఉన్న భారతీయులు అత్యంత జాగ్రత్తగా ఉండాలి, రాయబార కార్యాలయంతో సంప్రదింపుల్లో ఉండాలి" అన్న వాక్యం మంచిదే. కానీ కంపెనీ చేతిలో పాస్‌పోర్టు ఉన్న హెల్పరు ఆ వాక్యంతో ఏం చేసుకోవాలి? అతనికి కావలసింది వేరే. ఏ పట్టణం దాటి వెళ్ళకూడదు, ఏ రోడ్డు మీద చీకటి పడ్డాక తిరగకూడదు, కంపెనీ వెళ్ళమంటే కాదనే హక్కు తనకు ఉందా, కాదంటే టికెట్ డబ్బు ఎవరు పెడతారు, ఇవి తెలియాలి. బ్రిటన్ తన పౌరుల కోసం ప్రాంతాలవారీగా రంగులు వేసిన మ్యాపులు ఇస్తుంది. మనమూ ఇవ్వగలం. బమాకోలో మనకు రాయబార కార్యాలయం ఉంది, అక్కడి సిబ్బందికి దేశం బాగా తెలుసు. వాళ్ళకు తెలిసింది తెలుగులో, తమిళంలో, హిందీలో, ఒడియాలో వాట్సాప్‌లో వినగలిగే ఆడియోగా రావాలి. చదవడం రానివాడికి కూడా అందాలి కదా. విదేశాలకు వెళ్ళేవాళ్ళ కోసం తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఏపీ ఎన్ఆర్‌టీ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, అవి ఈ పనికి సరిగ్గా పనికొస్తాయి.

కంపెనీల యజమానులకు ఒక మాట. మీలో చాలామంది కష్టపడి పైకొచ్చినవాళ్ళు, ఒక్క రిగ్గుతో మొదలుపెట్టి ఆఫ్రికా దాకా వెళ్ళినవాళ్ళు. మీరు వేసిన బోర్ల వల్ల మాలి పల్లెల్లో ఆడవాళ్ళు మైళ్ళు నడిచే బాధ తప్పింది, అది చిన్న విషయం కాదు. దక్షిణ మాలిలోని సికాసో నుంచి బమాకో వైపు కరెంటు లైనుకు మన ఎగ్జిమ్ బ్యాంకు అప్పు ఇచ్చింది. ఇలాంటి పనులు ఆగిపోవాలని నేను కోరుకోను. కానీ ఒక ప్రాంతంలో పనిచేయడానికి సాయుధ రక్షణ కావాలి, దాని ఖర్చు భరించలేం అనుకున్నప్పుడు ఆ టెండరు వెయ్యకండి. మీ ఇంజనీరు వెళ్ళడానికి జంకే చోటికి రోజుకూలీ మనిషిని పంపకండి. అపహరణ జరిగిన రోజు నుంచి బందీ జీతం ఆపకండి. ఇది మీ దయకు వదిలేసే విషయం కాకూడదు, కాంట్రాక్టులో రాసి ఉండాలి. బందీగా గడిపే ప్రతి రోజూ అతను మీ పనిమీదే ఉన్నట్టు లెక్క. ఇంటి దగ్గర అప్పు వడ్డీ ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. బీమా పాలసీలో అపహరణ, యుద్ధ ప్రమాదం రెండూ ఉండాలి. చాలా పాలసీలు ఈ రెంటినీ పేరు పెట్టి మినహాయిస్తాయి, సంతకం పెట్టే ముందు చూడండి.

మంత్రి గారూ, కుటుంబాల విషయం చెప్పక తప్పదు. 2015 జూలైలో లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేసే ఇద్దరు తెలుగు అధ్యాపకులు బందీలయ్యారు. 2016 సెప్టెంబర్‌లో విడుదలయ్యారు. ఏడాదికి పైగా ఆ ఇళ్ళు ఎలా గడిచాయో ఇక్కడివాళ్ళం చూశాం. ఇరాక్‌లోని మోసుల్‌లో 2014 జూన్‌లో బందీలైన 39 మంది చనిపోయారని 2018 మార్చిలో పార్లమెంటులో చెప్పారు. అన్నేళ్ళూ ఆ తల్లులు తమ బిడ్డలు బతికే ఉన్నారన్న మాట పట్టుకుని ఎదురుచూశారు. సమాచారం లేకపోతే లేదని చెప్పండి, కానీ చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ప్రతి బందీ కుటుంబానికీ, వాళ్ళ భాష మాట్లాడే అధికారి ఒకరిని పేరుతో సహా కేటాయించండి. వారానికోసారి ఆ అధికారే ఫోన్ చేయాలి. కొత్త సంగతి ఏమీ లేని వారం కూడా చేయాలి. ఆ ఇంటివాళ్ళు కలెక్టరేట్ చుట్టూ, ఎమ్మెల్యే ఇంటి చుట్టూ, టీవీ స్టూడియోల చుట్టూ తిరిగే పరిస్థితి తప్పుతుంది.

ఇంకొకటి, మాలి ప్రజల గురించి. మన కార్మికుల భద్రతనూ వాళ్ళ భవిష్యత్తునూ విడదీసి చూడలేం. నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ నన్ను పరాయివాడిగా చూడలేదు. సాయంత్రం చెట్టు కింద బొగ్గు కుంపటి మీద చిక్కటి టీ మూడుసార్లు కాచి, చిన్న గ్లాసుల్లో పోసి, దారినపోయే నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టేవాళ్ళు. అక్కడే నేను ఆ దేశ రాజకీయాలు నేర్చుకున్నాను. ఒకే గుంపులో సైన్యాన్ని సమర్థించేవాడు, డికోను నమ్మేవాడు, ఎన్నికలు కావాలనేవాడు కలిసి అరుచుకుని, కలిసి నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళలో చాలామంది ఫోన్‌లో రాజకీయం మాట్లాడటం మానేశారు. ఆరోగ్యం బాగుందా, పిల్లలు బాగున్నారా అని అడిగి పెట్టేస్తారు.

ఆ చుట్టుపక్కల దేశాల్లోనూ పరిస్థితి కుదుటపడే సూచన లేదు. 2025 నవంబర్ 26న గినియా బిస్సావులో అధ్యక్ష ఎన్నికల ఫలితాలు ప్రకటించాల్సిన సమయంలో సైన్యం అధికారం లాక్కుంది. ఒక దేశం నుంచి మన మనుషుల్ని పక్కదేశానికి తరలించుకునే సౌకర్యం ఏడాది ఏడాదికీ తగ్గిపోతోంది. డకార్‌లోని, ఐవరీ కోస్ట్‌లో అబిజాన్‌లోని మన రాయబార కార్యాలయాలతో కలిపి ఒక తరలింపు పథకం ఇప్పుడే సిద్ధం చేసి ఉంచండి. కాయెస్‌లో ఉన్నవాడికి బమాకో కంటే సెనెగల్ సరిహద్దే దగ్గర.

ఇంకొక దేశం అంతర్గత వ్యవహారాల్లో తలదూర్చకపోవడం మన విధానమని తెలుసు. బమాకో పాలకులతో సంబంధం తెంచుకోమని నేను అనను. బందీల కోసమైనా ఆ సంబంధం కావాలి. కానీ మన ఎన్నికల సంఘం ఎన్నో దేశాల అధికారులకు ఎన్నికల నిర్వహణలో శిక్షణ ఇస్తోంది. మాలి ఎన్నికలు పెట్టుకునే రోజున సాయం చేయడానికి మేం సిద్ధం అని మీరు అక్కడి విదేశాంగ మంత్రితో కూర్చున్నప్పుడు చెప్పవచ్చు. అందులో జోక్యం ఏమీ లేదు. జైల్లో ఉన్న రాజకీయ ఖైదీల గురించి నాలుగు గోడల మధ్య అడగవచ్చు. మన ప్రభుత్వం విదేశీయులకు ఇచ్చే ఐటెక్ శిక్షణకు, మన విశ్వవిద్యాలయాల్లో చదువుకు వచ్చే మాలి విద్యార్థుల స్కాలర్‌షిప్పులు ఈ గొడవల్లో ఆగిపోకుండా చూడండి. బడులు మూతపడిన ఊరి నుంచి వచ్చే పిల్లలు వాళ్ళు. వీసా కాగితాల కోసం తిప్పించుకోకుండా ఉంటే అదే పెద్ద సాయం.

బిల్లు ఇంకా చట్టం కాలేదు కాబట్టి సమయం ఉంది. అప్పటిదాకా ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది. మాలి, నైజర్, బుర్కినా ఫాసోలలో కార్మికులున్న భారతీయ కంపెనీలన్నీ నెలలోపు తమ మనుషుల పేర్లు, క్యాంపు ఉన్న ఊళ్ళు, ఇంటి ఫోన్ నంబర్లు ఆయా రాయబార కార్యాలయాలకు ఇవ్వాలని మీ శాఖ నుంచి ఒక ఆదేశం పంపండి. ఇవ్వని కంపెనీ కొత్త మనుషుల్ని ఆ దేశాలకు పంపకుండా ఆపండి. తమ్ముడి ఊరు తెలియని ఆ అన్నకు అప్పుడు బమాకో నుంచి ఎవరో ఒకరు జవాబు చెప్పగలుగుతారు.

నమస్కారాలతో,
బమాకోలో పనిచేసి వచ్చిన ఒక తెలుగువాడు
హైదరాబాద్, డిసెంబర్ 2025